మాయ విడిపోయే గీత: గేదె, మనిషి గర్భాశయాల నమూనా (ప్రాజెక్టు డైరీ)

జూలై, కాలేజీ తెరిచాక

మా విజయవాడ డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో గర్భాశయం ప్లాస్టిక్ నమూనా ఒకటి ఉంది. బిడ్డ, బొడ్డుతాడు, మాయ అన్నీ ఉన్నాయి. మాయ గర్భాశయం గోడకు అంటుకునే చోట మాత్రం అంతా ఒకే గులాబీ రంగు పూసేశారు. తల్లి కణజాలం ఎక్కడ ఆగిందో, బిడ్డ వైపుది ఎక్కడ మొదలైందో ఆ బొమ్మ చూసి చెప్పలేం. గర్భం నిలవడం, బిడ్డ పెరగడం, కాన్పులో తల్లి ప్రాణం దక్కడం, అన్నీ ఆ చోటుతోనే ముడిపడి ఉన్నాయి. అందుకే ఈ ఏడాది సెకండియర్ పిల్లలతో కలిసి ఆ ఒక్క చోటునే విడిగా, పెద్దగా చేసి చూపించాలనుకున్నాను.

షరతు ఒకటే. నమూనాను ఊడదీస్తే, ఒంట్లో ఎక్కడ విడిపోతుందో అక్కడే విడిపోవాలి. మనకు వీలైన చోట అయస్కాంతం పెట్టి సరిపెట్టకూడదు. పక్కపక్కన రెండు పలకలు చేస్తాం, ఒకటి గేదెది, ఒకటి మనిషిది. మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో పాడి ఉంది. గేదె ఈనడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాళ్లే. అక్కడి నుంచి మొదలుపెడితే మనిషి సంగతి తేలిగ్గా పట్టుకుంటారు.

కాగితం మీద

ముందు బోర్డు మీద మనిషి గర్భాశయం గోడ గీశాం. బయట మందమైన కండరం, లోపల ఎండోమెట్రియం. ఈ ఎండోమెట్రియంలో అడుగున ఎప్పటికీ ఉండిపోయే మూలస్తరం, దాని మీద నెలనెలా పెరిగి రాలే పై భాగం. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పని మొదలవుతుంది. పై భాగంలో కోలగా, సన్నగా ఉన్న కణాలు ఉబ్బి గుండ్రంగా మారతాయి, గ్లైకోజెన్‌నూ కొవ్వునూ నింపుకుంటాయి, ప్రొలాక్టిన్ స్రవిస్తాయి. ఇలా మారిన పొరే డెసిడ్యువా. 28 రోజుల చక్రంలో సుమారు 23వ రోజుకు, ఈ పొరకు రక్తం తెచ్చే మెలికల ధమనుల చుట్టూ ఈ మార్పు కనిపించడం మొదలవుతుంది.

ఇక్కడికి వచ్చేసరికి ఒకమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, అప్పటికి పిండం వచ్చిందో రాలేదో తెలియదు కదా. మరి ఎవరి కోసం ఇదంతా?"

ఈ ప్రశ్న దగ్గర ఆ పూటంతా గడిచింది, గడవాల్సిందే. చాలా జంతువుల్లో పిండం వచ్చి తాకితే తప్ప ఈ మార్పు రాదు. 1907–08 ప్రాంతంలో లియో లోబ్ అనే శాస్త్రవేత్త గినీ పందుల మీద ప్రయోగం చేశాడు. అండం విడుదలైన కొద్ది రోజులకు గర్భాశయం గోడకు చిన్న గాటు పెడితే, పిండం లేకపోయినా అక్కడ డెసిడ్యువా గడ్డలు లేచాయి. అంటే హార్మోను సిద్ధం చేసి ఉంచిన పొరకు ఒక తాకిడి చాలు. మనిషిలో ఆ తాకిడి కోసం కూడా ఆగదు. పొర తనంతట తానే మారిపోతుంది, పిండం రాకపోతే రాలిపోతుంది. నెలసరి అంటే అదే. అందుకే నెలసరి ఉన్న క్షీరదాలు చాలా తక్కువ. మనుషులు, చింపాంజీ లాంటి వానరాలు, కొన్ని కోతులు, కొన్ని గబ్బిలాలు, ఆఫ్రికాలోని ఏనుగు చుంచు. 2017లో ముళ్ల ఎలుక కూడా ఈ జాబితాలో చేరింది.

"మా ఆవుకు ఎద అయ్యాక కాస్త రక్తం కనిపిస్తుంది మేడమ్" అన్నాడు ఇంకో అబ్బాయి. అది నెలసరి కాదు. చిన్న రక్తనాళాలు చిట్లి వచ్చే రక్తం, పొర ఊడిరాదు. అతను గమనించి అడిగినందుకు నాకు నిజంగా సంతోషం వేసింది.

పాఠ్యపుస్తకాలు డెసిడ్యువాను పిండాన్ని పోషించే పొరగా చెప్పి వదిలేస్తాయి. సగం నిజం అది. మనిషి పిండం ఫలదీకరణ తర్వాత ఆరేడు రోజులకు గోడను అంటుకుని, మరో నాలుగైదు రోజుల్లో పూర్తిగా లోపలికి దిగిపోతుంది. దాని బయటి కణాలు తల్లి ధమనుల్లోకి చొచ్చుకుపోయి వాటి గోడలను మార్చేస్తాయి. ఆ చొరబాటును రానిచ్చేది డెసిడ్యువా, హద్దు దాటకుండా ఆపేది కూడా అదే. మొదటి మూడు నెలల్లో ఈ పొరలోని తెల్ల రక్తకణాల్లో దాదాపు 70 శాతం ఒకే రకం కణాలు, గర్భాశయపు ఎన్‌కె కణాలు. ధమనులు సరిగ్గా వెడల్పవడంలో వాటి పాత్ర ఉంది. పిండం దారి తప్పి ఫలోపియన్ నాళంలో నాటుకుంటే అక్కడ ఇలాంటి పొర ఉండదు, నాళం చిట్లిపోతుంది. ఆపేవాళ్లు లేకపోతే ఏమవుతుందో దాన్ని బట్టే తెలుస్తుంది. మా నమూనాలో ఈ "ఆపే" పని కనిపించాలి.

కొలతలు తేల్చడానికి చాలాసేపు పట్టింది. గేదె మాయలో చూడాల్సింది కంటికే ఆనుతుంది కాబట్టి దాన్ని అసలు సైజులోనే చేస్తాం. మనిషిది మాత్రం పది రెట్లు. నెలలు నిండిన మాయ సుమారు 22 సెంటీమీటర్ల వెడల్పు, రెండు రెండున్నర సెంటీమీటర్ల మందం ఉంటుంది. మొత్తం పది రెట్లు చేస్తే గదిలో పట్టదు, అందుకని మాయలో ఒక చిన్న ముక్క మాత్రమే తీసుకున్నాం. గర్భం మొదట్లో 5 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండే డెసిడ్యువా కాన్పు నాటికి బాగా పలచబడుతుంది. అంత పలచగా చేస్తే పిల్లలకు ఏమీ కనపడదు. కాబట్టి మందం పెంచుతున్నాం, పెంచామని పక్కనే చీటీ అంటిస్తాం.

కొండపల్లి

చెక్క కోసం కొండపల్లి వెళ్లాం. తెల్ల పొనికి తేలిగ్గా ఉంటుంది, ఉలికి ఎదురు తిరగదు, సున్నం పూత మీద రంగు బాగా పడుతుంది. బొమ్మలు చేసే పెద్దాయన మా డ్రాయింగు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏం బొమ్మమ్మా ఇది?"

"చూడి గేదె గర్భసంచి గోడ, బాబాయ్‌గారూ. లోపలి వైపు."

కాసేపు చూసి ఆయన అడిగిన మాట: "ఈ గుబ్బలు పైకి ఉబ్బాలా, లోపలికి గుంటలు పడాలా?"

దీని గురించి ఇంతకన్నా సరైన ప్రశ్న ఉండదు. ఆవు, గేదెల్లో ఈ గుబ్బలు ఉబ్బెత్తుగా ఉంటాయి. గొర్రె, మేకల్లో మధ్యలో గుంట పడి ఉంటాయి. వీటిని కారంకిల్స్ అంటారు. గర్భాశయం లోపలి పొరలో గ్రంథులు లేని ఈ చోట్లు పుట్టుకతోనే ఉంటాయి, చూడి కట్టాక పెద్దవవుతాయి. గర్భాశయం రెండు కొమ్ముల్లా చీలి ఉంటుంది, ఒక్కో కొమ్ములో నాలుగు వరసలు. ఆవుల్లో మొత్తం 75 నుంచి 120 దాకా ఉంటాయి. ఉబ్బెత్తుగానే చెక్కమన్నాను. ముక్కలను ఆయన చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో పలక మీద అతికించి ఇస్తానన్నారు. పలకకు ఆయనే కొంచెం వంపు కూడా పెట్టారు. "సంచి గోడ చదునుగా ఎట్లా ఉంటుందమ్మా" అన్నారు. మా డ్రాయింగులో ఆ వంపు లేదు. పెట్టాక నమూనాకు ప్రాణం వచ్చింది.

కంకిపాడు దగ్గర ఊరు

వానలు పడి గేదెలు ఈనే రోజులు. ఒక స్టూడెంట్ వాళ్లింట్లో ముర్రా గేదె ఈనిందని పొద్దున్నే ఫోను వస్తే, గ్లౌజులు, ఫార్మలిన్, ప్లాస్టిక్ టబ్బు తీసుకుని వెళ్లాం. గ్లౌజులు లేకుండా మాయను ముట్టుకోవద్దని పిల్లలకు ముందే గట్టిగా చెప్పాను. బ్రూసెల్లోసిస్ అనే పశువుల జబ్బు మనుషులకు సోకే దారుల్లో ఇదొకటి.

చావిట్లో వాళ్ల మామ్మ గేదె పక్క నుంచి కదల్లేదు. "మాయ పడిందాకా కళ్లు తిప్పకూడదు పంతులమ్మగారూ, పడగానే తినేస్తది. వేలాడుతుంది కదా అని లాగనూ కూడదు. కొందరు రాయి కడతారు, అది మహా పాపం." పశువుల డాక్టర్లూ ఇదే చెబుతారు. మామూలుగా 12 గంటల్లోపు దానంతట అదే పడుతుంది. బలవంతంగా లాగితే తెగి ముక్కలు లోపల మిగిలి కుళ్లుతాయి. ఈలోగా దూడను పొదుగు దగ్గరికి తోసి జున్ను పాలు తాగించారు. గేదె మాయలో తల్లి పొర మొత్తం మధ్యలో అడ్డు ఉంటుంది, తల్లి రక్తంలోని యాంటీబాడీలు కడుపులో ఉండగా దూడకు చేరవు. మొదటి గంటల్లో తాగే జున్ను పాలే దూడకు రక్ష. మనిషి మాయలో బిడ్డ వైపు పొర నేరుగా తల్లి రక్తంలో మునిగి ఉంటుంది, ఐజీజీ యాంటీబాడీలు పుట్టకముందే బిడ్డకు అందుతాయి. ఈ తేడా వివరించడానికి నాకు ఆ చావిడి కన్నా మంచి క్లాసు దొరకదు.

మధ్యాహ్నానికి మాయ పడింది. బోరు నీళ్లతో నెమ్మదిగా కడిగి టబ్బులో పరిచాం. పలచటి, జారే పొర. దాని మీద అక్కడక్కడా ముదురెరుపు గుండ్రటి మచ్చలు, కొన్ని రూపాయి బిళ్లంత, కొన్ని అరచేయంత. దూడ ఉన్న కొమ్ము వైపువి పెద్దవి, ఖాళీ కొమ్ము వైపువి చిన్నవి. ఒక మచ్చను నీళ్లలో ముంచి భూతద్దంతో చూశాం. ముఖమల్ గుడ్డ మీది నూగులా సన్నటి చూషకాలు ఒక్కసారిగా విచ్చుకుని నిలబడ్డాయి. ఇవన్నీ తల్లి గుబ్బల మీది సన్నటి గుంటల్లో దిగి ఉండి, ఈనాక వేళ్లతో సహా జారి బయటికి వచ్చినవే. బొడ్డుతాడు తెగి రక్తం కారిపోగానే చూషకాలు ముడుచుకుపోతాయి, గర్భాశయం నొప్పులు వాటిని వదిలిస్తాయి. మేం వెతికినది తల్లి వైపు కణజాలం. మచ్చ ఉపరితలం మీద ఎంత చూసినా తల్లి గుబ్బల ముక్క ఒక్కటీ కనపడలేదు. గేదె తన పొరను తన దగ్గరే ఉంచుకుంది.

అలాగని తల్లి గుబ్బలు అలాగే ఉండిపోవు. ఆవుల్లో ఆ తర్వాత 12 రోజుల వరకు వాటి పై భాగం మెల్లగా కరిగి మైలగా పోతుంది. కాకపోతే అది మాయతో పాటు ఊడేది కాదు, తర్వాత జరిగే పని.

మచ్చలున్న రెండు ముక్కలు ఫార్మలిన్‌లో పెట్టి, మిగతాది వాళ్ల నాన్న పెంటకుప్ప అవతల గొయ్యి తీసి పూడ్చారు.

గేదె పలక

కొండపల్లి నుంచి పలక వచ్చింది. గుబ్బలకు లేత గోధుమ రంగు కలిసిన ఎరుపు పూశాం. మాయ పొరకు పలచటి నైలాన్ గుడ్డ, మచ్చలకు ముదురెరుపు ముఖమల్ గుడ్డ కుట్టాం. ఒక్కో గుబ్బకు, ఒక్కో మచ్చకు జతగా వన్‌టౌన్‌లో కొన్న టిచ్ బటన్లు. లాగితే టప్‌మని ఊడుతుంది, గుబ్బ అలాగే ఉంటుంది. అన్నీ ఒకేసారి ఊడవు, ఒక్కొక్కటిగా వదులుతాయి. నిజంగా జరిగేదీ అదే. రెండు గుబ్బలకు మాత్రం బటన్లు బిగువుగా ఉండేవి వేశాం. అవి ఊడక గుడ్డ వేలాడుతుంటే, మాయ పడని గేదె అంటే ఏంటో పిల్లలకు చేతికి తెలుస్తుంది.

దసరా సెలవుల ముందు, మనిషి పలక

కొండకు వచ్చే భక్తుల రద్దీతో వన్‌టౌన్ వైపు వెళ్లే వీలు లేదు. సామాను అంతా ఆటోనగర్ వైపే చూసుకున్నాం. మోటారు వైండింగ్ షాపులో ఎర్ర ఎనామిల్ రాగి తీగ, సీట్లు కుట్టే షాపులో రెండు రకాల స్పాంజి, మెడికల్ షాపులో సెలైన్ ట్యూబులు.

అడుగున పొనికి చెక్క, అది కండరం. దాని మీద మక్కుతో గట్టిగా అతికించిన పలచటి పొర, అది మూలస్తరం. ఇది ఎప్పటికీ ఊడకూడదు. తర్వాత పెద్ద రంధ్రాల స్పాంజి. డెసిడ్యువాలో ఈ భాగం నిజంగానే ఉబ్బిన గ్రంథులతో బోలుబోలుగా ఉంటుంది. దాని మీద దట్టమైన స్పాంజి. ఆపైన ఫెవికాల్‌లో ముంచిన తెల్ల టిష్యూ పేపరు. బిడ్డ కణాలు, తల్లి కణాలు కలిసే చోట ఏర్పడే ఫైబ్రినాయిడ్ పొర అది. 1887లో నిటాబుక్ అనే శాస్త్రవేత్త వర్ణించడంతో ఆ పేరే నిలిచింది. అన్నిటికన్నా పైన ఎర్ర ఊలుతో చూషకాలు, మాయ.

విడిపోయే గీత ఎక్కడ పెట్టాలో తెలిసిందే. మనిషిలో మాయ ఊడేది తెల్ల పొర దగ్గర కాదు, బిడ్డకూ తల్లికీ మధ్య సరిహద్దులో కాదు. ఇంకా లోపల, తల్లి సొంత పొరలో, ఆ బోలు స్పాంజి మధ్యలో. బిడ్డతో పాటు తల్లి ఒంటి పొర సగం బయటికి వెళ్లిపోతుంది. మిగిలిన సగం కొన్ని వారాల పాటు మైలగా పోతుంది. మూలస్తరం నుంచి కొత్త పొర లేస్తుంది. మాయ అంటుకున్న చోటు పూర్తిగా మానడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. బాలింత అన్ని రోజులు విశ్రాంతి కావాలని అడిగితే ఎవరైనా విసుక్కోవడానికి ముందు ఈ స్పాంజిని చూడాలి. ఆమె లోపల అంత వెడల్పు పచ్చి గాయం ఉంది.

స్పాంజిని బ్లేడుతో కోస్తే నున్నగా వస్తుంది. నిజం అలా ఉండదు. చేత్తో చించాం. చిరిగిన రెండు ముఖాలూ ఒకదానికొకటి కూర్చుంటాయి, గుంటల్లో చిన్న వెల్క్రో ముక్కలు దాచాం. లాగితే బర్రున చిరిగిన చప్పుడు వస్తుంది. గేదె పలక టప్, మనిషి పలక బర్ర్. పిల్లలు కళ్లు మూసుకుని కూడా ఏది ఏదో చెప్పేస్తున్నారు.

ధమనులు

రాగి తీగను పెన్సిలుకు చుట్టి మెలికల ధమనులు చేశాం. అవి గర్భం లేనప్పటివి, పలక అంచున ఉన్నాయి. మాయ కింద మాత్రం సెలైన్ ట్యూబులు. బిడ్డ కణాలు చొరబడి ధమని గోడలోని కండరాన్ని తొలగించేస్తే అది మెలికలు పోయి గరాటులా వెడల్పవుతుంది, తల్లి బీపీ హార్మోన్లు ముడుచుకోమన్నా ముడుచుకోలేదు. ఈ మార్పు సరిగ్గా జరగకపోతే బిడ్డకు రక్తం చాలదు, ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి ప్రమాదం తెచ్చే జబ్బు) వైపు నడిచే దారుల్లో ఇది ముఖ్యమైనది.

నెలలు నిండేసరికి నిమిషానికి 500 మిల్లీలీటర్ల పైనే రక్తం ఈ దారిన వస్తుంది. స్పాంజి చిరగగానే అన్ని ట్యూబులూ తెరుచుకుంటాయి. ఎర్ర రంగు నీళ్లు పోసి పలకను ఊడదీస్తే టేబులంతా తడిసింది. పిల్లలు కంగారుగా వెనక్కి జరిగారు. ఆపేది ఏంటి? కండరం. గర్భాశయం కండరపు పోగులు ధమనుల చుట్టూ అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి, అవి బిగిస్తేనే రక్తం ఆగుతుంది. చెక్కకు రంధ్రాలు చేసి ట్యూబుల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో నైలాన్ తాడు అల్లాం. తాడు కొస లాగితే ట్యూబులన్నీ నొక్కుకుని ధార చుక్కలుగా మారి ఆగుతుంది. కాన్పు కాగానే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఎందుకు ఇస్తారో ఆ తాడు లాగిన చెయ్యి మర్చిపోదు.

దసరా అయ్యాక

మూలస్తరం పొరలో అరచేయంత ముక్కను విడిగా తీసేలా చేయించాను. దాని స్థానంలో తెల్లటి మచ్చ ముక్క పెడతాం, పాత సిజేరియన్ కోత మానిన చోటు అది. అక్కడ డెసిడ్యువా సరిగా ఏర్పడదు. మాయ వచ్చి అక్కడే నాటుకుంటే ఆపే పొర లేదు, చూషకాలు కండరాన్నే పట్టుకుంటాయి. నమూనాలో ఆ చోట స్పాంజి లేదు, ఊలును నేరుగా చెక్కకు మేకు కొట్టాం. ఎంత లాగినా రాదు, రక్తం ఆగదు. అక్రీటా అనే ప్రాణాంతక పరిస్థితి ఇది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ప్రతి 100 కాన్పుల్లో 42 సిజేరియన్లు. అవసరమైన సిజేరియన్ ప్రాణం కాపాడుతుంది, అందులో సందేహం లేదు. అవసరం లేని ప్రతి కోతా మాత్రం తర్వాతి గర్భానికి ఈ తెల్ల ముక్కను వదిలి వెళ్తుంది. ఈ మాట పిల్లలకు చెప్పడానికి నేను వెనకాడను.

పక్క కాలేజీ నర్సింగ్ పిల్లలు వచ్చి చూశారు. లాగడం, తాడు బిగించడం అందరూ చేశారు. వాళ్లలో ఒకమ్మాయి ఊడిన మాయను తిరగేసి, తల్లి వైపు ముఖం వేలితో తడిమి, "ఇక్కడ ఒక ముక్క తక్కువుంది మేడమ్, లోపల ఉండిపోయింది" అంది. నిజమే, ఎవరో గట్టిగా లాగితే స్పాంజి తునక ఒకటి చెక్క వైపే ఉండిపోయింది. లేబర్ రూములో మాయను తిప్పి, తల్లి వైపు ముఖం మీది 15–20 లంబికలూ (గడ్డల్లాంటి భాగాలు) పూర్తిగా ఉన్నాయా అని చూసేది ఇందుకే. ఆ తునకను అతికించకుండా అలాగే ఉంచమన్నాను. వచ్చే బ్యాచ్‌లు కూడా వెతికి పట్టుకోవాలి.

ఇంకా మిగిలిన పని: కుక్క పలక. కుక్క మాయ నడుం పట్టీ ఆకారంలో పిల్ల చుట్టూ ఉంటుంది, దాని రెండు అంచులూ ముదురాకుపచ్చ. అక్కడ చేరిన తల్లి రక్తం విరిగి వచ్చే రంగు అది. పట్టీకి పొనికి వంపు చెక్క కుదరదని బాబాయ్‌గారు అన్నారు, వెదురు చుట్టు మీద మక్కు వేసి చూద్దామన్నారు. ఆకుపచ్చ రంగు డబ్బా కొన్నాం. వెదురు వచ్చే వారం తెస్తారు.